మన వీధి కారే

మా సెక్టర్ 7 క్వార్టర్లు సైకిళ్ల కాలంలో కట్టినవి. గేటు వెడల్పు చూస్తేనే ఆ సంగతి తెలిసిపోతుంది. సైకిల్ పట్టుకుని మనిషి లోపలికి నడిచి రావడానికి ఎంత చోటు కావాలో అంతే వదిలారు. తర్వాత స్కూటర్లొచ్చాయి, ఎలాగోలా ఇమిడిపోయాయి. కార్లొచ్చేసరికి ఇక వల్లకాక వీధి వారనే, వేపచెట్ల నీడన వరసగా నిలబడిపోయాయి. అందుకే మా భిలాయిలో ఎవరింట్లో ఏ కారుందో అందరికీ తెలుసు. తెల్లారగట్ల నడకకి వెళ్ళినప్పుడు ఆ వరసలో ఒక్క కారు దగ్గర నా కాళ్ళు నెమ్మదిస్తాయి. తెల్లటి టొయోటా ఎటియోస్, పసుపు నంబరు ప్లేటు. రాయపూర్ విమానాశ్రయానికి, దుర్గ్ స్టేషన్‌కి, సెక్టర్ 9 ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకి తిరిగే అద్దె కారు. డ్రైవరు తడిగుడ్డతో అద్దం తుడుస్తుంటాడు. సూట్‌కేసుల రాపిడికి డిక్కీ అంచున రంగు లేచిపోయింది. సీట్లకి తెల్ల తొడుగులు. ఇంతకంటే మామూలు కారు మన దేశంలో ఉంటుందా? ఉండదేమో. అయినా దాన్ని దాటుతుంటే మనసులో ఏదో గుచ్చుకుంటుంది. ఈ కారే, అచ్చంగా ఈ రూపమే, 2013లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద పందెం కారై పరుగెత్తింది. ఆ సంగతి ఈ డ్రైవరుకి తెలుసా? తెలిస్తే, తుడిచే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుందా?

టొయోటా వాళ్ళు ఆ రోజుల్లో ఎటియోస్ మోటార్ రేసింగ్ అని ఒక పోటీ నడిపారు. వేల మంది కుర్రాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే, వడపోసి కొద్దిమందిని ఎంచి, తర్ఫీదిచ్చి, అందరికీ ఒకే తీరు కార్లు అప్పజెప్పారు. అవి బెంగళూరు దగ్గర బిడదిలో తయారైన నాలుగు తలుపుల ఎటియోస్‌లే. 2015లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు వెంటోతో ఇలాంటి పోటీయే పెట్టారు, దాని వెనక అమియో వచ్చింది. వీటన్నిటికీ ముందునుంచే జాతీయ చాంపియన్‌షిప్‌లో ఇండియన్ టూరింగ్ కార్స్ అనే తరగతి ఉంది. షోరూం కారునే పందేనికి సిద్ధం చేస్తే అది టూరింగ్ కారు. మారుతి ఎస్టీమ్‌లు, హోండా సిటీలు అందులో ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి రాసుకుంటూ పరుగెత్తాయి. కోయంబత్తూరుకు చెందిన అర్జున్ బాలు హోండా సిటీతో ఆ తరగతిలో పేరు మోశాడు. ఆ కార్లలో మా వీధిలో లేనిది ఏది? ఎస్టీమ్ మొన్నమొన్నటిదాకా మూడో గేటు ముందుండేది. సిటీ ఒకాయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొనుక్కున్నది, ఇప్పటికీ ఆదివారాలు సెక్టర్ 5 బాలాజీ గుడికి తప్ప బయటికి తీయరు.

పందెం కోసమే పుట్టిన ఫార్ములా కార్లని నేను తక్కువ చెయ్యను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేదు. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మన తెలుగు ఊళ్ళో ప్రపంచ స్థాయి పందెం జరగడమంటే మాటలా? కానీ పందెం అయిపోయాక టీవీ కట్టేసి కూర్చుంటే ఏదో వెలితి. ఆ కార్లు ఎవరివి? ఎక్కడినుంచో విమానాల్లో దిగాయి, పరుగెత్తాయి, పెట్టెల్లోకెక్కి వెళ్ళిపోయాయి. గట్టున నిలబడి చూసిన లక్డీకాపూల్ కుర్రాడికి ఆ కారుతో చుట్టరికం ఏముంది? అదే, వాళ్ళ మావయ్య నడిపే సెడాన్ ఆ మలుపులో తోటి కారుని తోసుకుంటూ దూసుకొస్తే వాడి గుండె ఇంకో రకంగా కొట్టుకునేది కాదా? నా గుండె ఎప్పుడూ అలాగే కొట్టుకుంది. ఎందుకు అన్నదే ఇన్నాళ్ళుగా నన్ను వదలని ప్రశ్న.

దీని మూలం చిన్నప్పటి భిలాయిలోనే ఉందేమో. నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో, రైల్ మిల్లులో చేరారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించిన ప్లాంటు ఇది. రష్యన్ ఇంజనీర్లు కుటుంబాలతో సహా ఈ టౌన్‌షిప్‌లోనే ఉండేవారు. నాన్నగారితో పనిచేసిన ఒక రష్యన్ ఇంజనీరు, మా దేశంలో కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు కాచుకోవాలి అన్నాడట. మా దగ్గరా అంతే కదా అని నాన్నగారు నవ్వారట. నిజమే, ఇద్దరూ కాచుకున్నది ఒకే ఇంటి పిల్లల కోసం. సోవియట్ వాళ్ళు ఇటలీ ఫియట్‌తో ఒప్పందం చేసుకుని వోల్గా ఒడ్డున టొల్యాట్టిలో కర్మాగారం కట్టి, 1970 నుంచి ఫియట్ 124ని జిగులి పేరుతో తయారుచేశారు. గతుకుల రోడ్లకీ మంచుకీ తట్టుకునేలా రేకు మందం చేసి, సస్పెన్షన్ ఎత్తు పెంచి, వెనక డ్రమ్ బ్రేకులు పెట్టారు. మన దగ్గర బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 ప్రీమియర్ పద్మినిగా మారింది. భిలాయిలో ఆ రోజుల్లో సెడాన్ అంటే రెండే: పెద్దాఫీసర్ల అంబాసిడర్, డాక్టరుగారి ఫియట్. ఆ ఫియట్ వీధిలోకొస్తే ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం.

నాన్నగారి స్నేహితుడింట్లో పాత వారపత్రికలో ఒక ఫొటో చూశాను. షోలవరం పందాలు. మద్రాసుకి ఉత్తరాన, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏటా జరిపిన పందాలవి. జనం వేలకు వేలు తరలివచ్చేవారు. ఫొటోలో ఒక ఫియట్ మలుపులో ఒరిగిపోయి, లోపలివైపు ముందుచక్రం నేలని వదిలేసి గాల్లో ఉంది. తలుపు మీద తెల్లటి గుండ్రంలో నంబరు. ఆ తలుపు నాకు తెలుసు. ఆ హ్యాండిల్ తెలుసు. జ్వరంతో ఉన్న తమ్ముణ్ణి నాన్నగారు ఎత్తుకుని నిలబడితే డాక్టరుగారు తెరిచిన తలుపది. రోగుల ఇళ్ళ చుట్టూ తిరిగే బండి లోపల ఇంత సాహసం దాగి ఉందా అని ఒళ్ళు జలదరించింది. సాహసం బండిలో ఉందా, మనిషిలో ఉందా, ఇద్దరి మధ్యా ఉందా అని అప్పుడు అడగడం చేతకాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఈ లోకంలో తెలుగువాళ్ళ పాత్ర ఎంతుందో చాలామందికి తెలియదు. కోయంబత్తూరు నాయుళ్ళ ఇళ్ళల్లో తరాలుగా మాట తెలుగే. ఆ మిల్లుల కుటుంబాల్లోంచి వచ్చినవాడే ఎస్. కరివర్ధన్. మారుతి 800 ఇంజన్ని తీసి ఒంటిసీటు పందెం కారులో బిగించి, మన దేశపు కుర్రాళ్ళకి అందేంత ఖర్చులో రేసింగ్‌ని దింపింది ఆయనే. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. అక్కడి తెలుగు కుటుంబంలోనే పుట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడయ్యాడు. కార్తికేయన్ పేరు అందరికీ తెలుసు, కరివర్ధన్ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఇద్దరిలోనూ ఆయనే ఎక్కువ దగ్గర. బజార్లో దొరికే ఇంజన్ని చూసి, ఇందులో ఇంకా ఎంతుంది అని అడిగిన మనిషి ఆయన. టూరింగ్ కారు పుట్టేది ఆ ప్రశ్నలోంచే.

చెన్నైలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకసారి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్ళాను. షోలవరానికి వారసురాలిగా 1990లో తెరుచుకున్న ట్రాక్ అది, చుట్టు 3.7 కిలోమీటర్లు. పందేనికీ పందేనికీ మధ్య షెడ్ల దగ్గరికి వెళ్ళి చూడనిచ్చారు. ఒక హోండా సిటీ నాలుగు తలుపులూ తెరిచి ఉంది. పక్కన కూర్చుని చక్రాల నట్లు బిగిస్తున్న మెకానిక్ తెలుగు యాసలో తమిళం మాట్లాడుతుంటే, ఏ ఊరు బాబూ అన్నాను. సూళ్ళూరుపేట సార్, అన్నాడు. లోపల చూడొచ్చా అంటే, చూడండి సార్, ఎగ్జాస్ట్ పైపు మీద మాత్రం చెయ్యి పెట్టకండి, కాలిపోద్ది అని నవ్వాడు. వంగి చూశాను. కార్పెట్ లేదు. తలుపుల లోపలి అట్టలు లేవు. చప్పుడు వినబడకుండా నేలకి అంటించే తారు షీట్లని గీకి తీసేసిన జాడలు మిగిలాయి. రేకు మీద కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కల మధ్య మళ్ళీ వెల్డింగ్ కుట్లు, బాడీ మెలిపడకుండా. ఉన్నది ఒక్కటే సీటు, దానికి భుజాల మీదుగా, నడుం చుట్టూ, తొడల మధ్యగా బిగించే ఆరు పట్టీల బెల్టు. డ్యాష్‌బోర్డు మాత్రం అలాగే ఉంది. ఏసీ లేదు కానీ ఏసీ గాలి వచ్చే జాలీలున్నాయి. పాటలు పెట్టుకునే చోట మంటలార్పే సిలిండర్ మీట.

నన్ను నిలబెట్టేసింది వెనక తలుపు. బయట హ్యాండిల్ ఉంది, లాగితే తెరుచుకుంటోంది. తెరిస్తే లోపల కూర్చోవడానికేమీ లేదు. సీటు ఉండాల్సిన చోట ఇనుప గొట్టాలు ఎక్స్ ఆకారంలో అడ్డంగా వెళ్తున్నాయి. పిల్లలు కూర్చునే చోటు, అమ్మమ్మ ఒళ్ళో పళ్ళబుట్ట పెట్టుకుని కూర్చునే చోటు. ఇక్కడెవరూ కూర్చోరని తెలిసినా ఆ తలుపుని ఎందుకు ఉంచారు? నిబంధన ఉంచమంది. కంపెనీ గేటు దాటి ఏ ఒళ్ళుతో వచ్చిందో ఆ ఒళ్ళుతోనే పందెంలో దిగాలి. తలుపు మూశాను. మెత్తటి చప్పుడు కాదు, ఖంగుమంది. ఆ ఖంగు విన్నాకే, ఇది మన కారే, కానీ సుఖమంతా వదిలేసుకుని వచ్చిన మన కారు అని తోచింది.

తిరిగి భిలాయి వచ్చాక మా క్వార్టర్లని కొత్త కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. ఒకే నక్షా, ఒకే కొలత, ఒకే రంగు. గోడ జరపడానికి లేదు, కిటికీ మార్చడానికి లేదు. బయటినుంచి చూసే కొత్తవాడికి ఏది ఎవరిదో తెలియదు. కానీ ఆ ఒకేరకం గోడల లోపల ఒకరింట్లో వీణ మోగింది, ఒకరింట్లో పిల్ల ఐఐటీకి చదివింది, ఒకరింట్లో నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మనిషి పగలు నిద్ర మానుకుని నాటకం రాశాడు. మాకు ఇచ్చిన చట్రం మేం ఎంచుకున్నది కాదు. అందులో ఎంత దూరం వెళ్ళామన్నదే మాది. టూరింగ్ కారు నన్ను కదిలించడానికి కారణం ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది. అది తన రూపాన్ని దాటి గెలవదు, తన రూపంలోనే గెలుస్తుంది. పైగా చాలా టూరింగ్ పోటీల్లో గెలిచిన కారు మీద తర్వాతి పందేనికి పదుల కిలోల బరువు పెడతారు. నువ్వు గెలిచావు కనక ఇప్పుడు మోయి అంటారు. ఇది అన్యాయం కాదా అని మొదట్లో అనుకునేవాణ్ణి. కానీ బరువుతో రెండోసారి గెలిచినవాడి ముఖం చూశాక ఆ ప్రశ్న మిగలదు.

అయితే ఒక సందేహం మాత్రం ఎప్పుడూ పక్కనే నడుస్తుంటుంది. ఇదంతా పైపూతేనా? అమెరికాలో నాస్కార్ కార్లు కూడా మొదట్లో షోరూం కార్లే. కాలక్రమంలో కింద ఉక్కు గొట్టాల చట్రం వేరే వచ్చింది, హెడ్‌లైట్ల చోట లైట్ల బొమ్మ స్టిక్కరు వచ్చింది. పేరు మిగిలింది, కారు మిగల్లేదు. ఐరోపాలో దీనికి తిరగబడ్డ కథ నడిచింది. గ్రూప్ ఏ నిబంధనల కింద పందెంలో దిగాలంటే ఏడాదిలో అలాంటి కార్లు 5000 తయారుచెయ్యాలి అన్నారు. దాంతో బీఎండబ్ల్యూ వాళ్ళు పందెం కోసమే ఎం3ని పుట్టించి వీధిలోకి వదిలారు. అప్పుడు వీధి కారు పందేనికి వెళ్ళినట్టా, పందెం కారు వీధికొచ్చినట్టా? మరి కంపెనీల దృష్టిలో ఇదంతా అమ్మకాల ప్రచారమే కదా, ఇందులో నువ్వు వెతికే విలువలేమిటి అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

చరిత్రే జవాబు చెప్పింది. ఇంగ్లండులో 1958లో సెలూన్ కార్ల పందాలు మొదలయ్యాయి, మొదటి చాంపియన్ జాక్ సియర్స్ నడిపింది కుటుంబాలు వాడుకునే ఆస్టిన్ వెస్ట్‌మినిస్టర్. తొంభైల్లో అక్కడే సూపర్ టూరింగ్ కార్లు చూడటానికి మామూలు సెడాన్లే అయినా లోపల ఖర్చు ఆకాశానికంటింది, కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి, 2000తో ఆ తరగతి ముగిసింది. ప్రపంచ టూరింగ్ చాంపియన్‌షిప్‌లో 2014 నుంచి కార్లని మరింత వెడల్పు చేసి, మరింత బలమిచ్చి, వీధి కారుకి ఇంకా దూరం జరిపారు. 2017తో అదీ అయిపోయింది. దాని స్థానంలోకి వచ్చింది, మార్సెల్లో లోట్టి 2015లో మొదలుపెట్టిన టీసీఆర్ పద్ధతి. బాడీ షోరూందే, రెండు లీటర్ల లోపు టర్బో ఇంజన్, ముందు చక్రాలకే బలం, ఖర్చుకి పరిమితి. 2022లో మికెల్ అజ్కోనా, 2023లో నార్బర్ట్ మిచెలిస్ ఆ పద్ధతిలో గెలిచింది హ్యుందాయ్ ఎలాంట్రా ఎన్‌తో, మన రోడ్ల మీదా అమ్ముడుపోయిన ఎలాంట్రా సెడాన్ పేరే అది. మామూలు కారుకి దూరం జరిగినప్పుడల్లా ఈ ఆట చితికింది, దగ్గరికొచ్చినప్పుడు బతికింది. పైపూత అయితే అది పోయినందుకు ఆట చావదు కదా.

రష్యన్ ఇంజనీరు మాట కూడా ఇక్కడే గుర్తొస్తుంది. ఏళ్ళకేళ్ళు కాచుకుంటే దొరికే ఆ జిగులి వంశంలోని లాడా వెస్టా, 2016 జూన్‌లో మాస్కో ట్రాక్ మీద జరిగిన రెండు ప్రపంచ టూరింగ్ పందాలూ గెలిచింది. ఒకటి 54 ఏళ్ళ గాబ్రియెలే టార్క్వీని, రెండోది నికీ కాట్స్‌బర్గ్. క్యూలో నిలబడి కారు కొనుక్కున్న తరం ఆ రోజు గట్టున ఉండి ఉంటే ఏమనుకుని ఉంటుంది? మా కారు అనే అనుకుని ఉంటుంది. సొంతం అనుకోవడానికి డబ్బుతో కొనడం ఒక్కటే దారి కాదు, వాడుకతో కలిసిన బంధం ఇంకా గట్టిది.

మా ఊరి ఉక్కు కార్లలోకి పోదు. కారు రేకు బొకారో లాంటి చోట్ల తయారవుతుంది. భిలాయి చేసేది పట్టాలు, మందపాటి ప్లేట్లు, కడ్డీలు. 130 మీటర్ల పొడవు పట్టా ఒకే ముక్కగా మా మిల్లులోంచి బయటికొస్తుంది. అయినా ఉక్కు ఊరివాళ్ళం కనక ఒక సంగతి మాకు బాగా అర్థమవుతుంది: వేగాన్ని మోసేది ఎప్పుడూ కంటికి కనబడని ఉక్కే. రైలుకి కింద పట్టా, పందెం కారుకి లోపల పంజరం. అంతర్జాతీయ నిబంధనల్లో దాని లెక్కలుంటాయి: అతుకు లేకుండా చల్లగా లాగిన గొట్టం, ప్రధాన వంపుకి 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం. కారు పల్టీలు కొట్టినా డ్రైవరు తలుపు తీసుకుని నడిచి వచ్చేది ఆ గొట్టాల వల్లే.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, రాత్రి పదిన్నర దాటాక మా సెక్టర్ రోడ్ల మీద, జీఈ రోడ్డు మీద సైలెన్సరు కోయించుకున్న సెడాన్లు గర్జిస్తూ పోతున్నాయి. నడిపేవాళ్ళు మన పిల్లలే. టూరింగ్ కారులోంచి వాళ్ళు చప్పుడుని తీసుకున్నారు, పంజరాన్ని వదిలేశారు. పట్టీని, శిరస్త్రాణాన్ని, మార్షల్ ఊపే జెండాకి తలొగ్గే క్రమశిక్షణని వదిలేశారు. ఎదురుగా సైకిల్ మీద వచ్చేది నైట్ షిఫ్టుకి వెళ్తున్న ఎవరి తండ్రో. వాళ్ళని తిట్టి ప్రయోజనం లేదు. వాళ్ళ రక్తంలో ఉన్నది తప్పు కాదు, షోలవరంలో చక్రం గాల్లోకి లేపిన వాళ్ళలో ఉన్నదే అది. వాళ్ళకి లేనిది చోటు.

చోటు మన దగ్గర ఉంది. నందిని దగ్గర స్టీల్ ప్లాంటు వాళ్ళ రన్‌వే ఉంది, రోజువారీ ప్రయాణికుల విమానాలేవీ అక్కడ దిగవు. షోలవరం కూడా రన్‌వేయే కదా. దేశంలోని మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య నిబంధనల ప్రకారం, అంబులెన్సు, మార్షళ్ళు, హెల్మెట్లు పెట్టి, శంకువులు నాటిన దారిలో ఒక్కొక్క కారునే గడియారం మీద పరుగెత్తించే ఆటోక్రాస్ జరపడానికి కోట్లు అక్కర్లేదు, మనసుంటే చాలు. ప్లాంటు అధికారులకీ, జిల్లా యంత్రాంగానికీ, మన తెలుగు సంఘాల పెద్దలకీ నేను చేతులు జోడించి అడిగేది ఒక్కటే. ఏడాదిలో కొన్ని ఆదివారాలు ఆ రన్‌వేని ఈ పిల్లలకివ్వండి. పిల్లలకి చెప్పేది కూడా ఒక్కటే. మీ నాన్న కారుతోనే రండి, ఉన్న కారు చాలు, కానీ వీధిలో కాదు, అక్కడ పరుగెత్తండి.